ఆ సంఖ్యను ఎవరు ఎంచుకున్నారు?

వరలక్ష్మీ వ్రతానికి ముందు రోజు అమ్మను టి. నగర్‌లోని బ్యాంకుకు తీసుకువెళ్లి లాకరులోని నగలు ఇంటికి తేవడం, వ్రతం అయిన వారానికి తిరిగి అక్కడే పెట్టి రావడం మా ఇంట్లో ఏళ్లుగా జరుగుతున్న పని. పనగల్ పార్కు దగ్గరి ఆ శాఖలో ఇన్నేళ్లలో పద్ధతి ఏమీ మారలేదు. అమ్మ రిజిస్టరులో సంతకం పెట్టి సమయం వేస్తుంది. అధికారి వచ్చి బ్యాంకు తాళంచెవిని ముందుగా తిప్పి, తలుపు దగ్గరికి వేసి బయటికి వెళ్లిపోతారు. ఆ తర్వాతే అమ్మ పసుపుదారం కట్టిన తన చెవిని పెట్టి తిప్పుతుంది. బ్యాంకు చెవి ఒక్కదానితో ఆ పెట్టె తెరుచుకోదు, అమ్మ చెవి ఒక్కదానితోనూ తెరుచుకోదు. అమ్మ చెవికి నకలు బ్యాంకు దగ్గర లేదు. అది పోతే తాళాల కంపెనీ మనిషిని పిలిపించి, అమ్మ కళ్లముందే డ్రిల్లు వేసి పగలగొట్టించి, కొత్త తాళం వేయించుకోవాలి. ఆ ఖర్చంతా మనమే భరించాలి.

పోయిన శ్రావణంలో నగలు తెచ్చిన సాయంత్రమే నెల్లూరు నుంచి అక్కా బావగారూ వచ్చారు. బావగారు రెండేళ్లుగా కొద్దికొద్దిగా బిట్‌కాయిన్ కొంటున్నారు. నాణేలు కొని అమ్మే ఎక్స్ఛేంజీలో వదిలేసిన నాణేలకు ఎప్పటికైనా ముప్పేనని గ్రహించి, ఈసారి వాటి తాళంచెవిని మన దగ్గరే దాచుకునే హార్డ్‌వేర్ వాలెట్ అనే పరికరం ఒకటి కొని వెంట తెచ్చారు. చూడటానికి పెన్‌డ్రైవు అంత ఉంటుంది. తయారీదారు దగ్గర కాకుండా, పదిహేను వందలు తక్కువకు వస్తోందని ఆన్‌లైన్‌లో ఎవరో అమ్మకందారు దగ్గర తీసుకున్నారు. పెట్టెలో పరికరంతో పాటు ఒక అట్ట కార్డు ఉంది. పాత రీఛార్జి కార్డులకు ఉన్నట్లు దాని మీద వెండిరంగు పూత, ఆ పూతను నాణెంతో గీకితే కింద వరుసగా 24 ఇంగ్లీషు మాటలు. ఇవి మీ రికవరీ మాటలు, ఎవరికీ చూపకుండా దాచుకోండి అని ఒక సూచన కూడా అచ్చువేసి ఉంది.

“చూశావా, ఎంత పకడ్బందీగా ఇచ్చారో” అని కార్డు నా చేతికిచ్చారు.

“బావగారూ, మీరు ఇందులోకి ఇంకా ఏమీ పంపలేదు కదా?” అని అడిగాను. పంపలేదన్నారు. నాకు అప్పటికి గాని ఊపిరి రాలేదు.

ఆ 24 మాటలే తాళంచెవి. 2048 మాటల జాబితా ఒకటి లోకమంతటికీ తెలిసినదే ఉంటుంది. వాలెట్ మొదటిసారి వెలిగించినప్పుడు ఆ పరికరం తనలో తాను, ఎవరూ ఊహించలేని ఒక యాదృచ్ఛిక సంఖ్యను పుట్టించి, ఆ సంఖ్యను ఈ జాబితాలోని మాటలుగా మార్చి, తన బుల్లి తెర మీద మాత్రమే యజమానికి చూపాలి. మనం వాటిని కాగితం మీద మన చేతితో రాసుకోవాలి. ఆ సంఖ్య తెలిసినవారెవరైనా ప్రపంచంలో ఏ మూలన ఉన్నా, పరికరాన్ని ముట్టుకోకుండానే, అందులోని నాణేలన్నీ తరలించుకోగలరు. ముందే అచ్చువేసిన మాటలతో వాలెట్ వచ్చిందంటే, అచ్చువేసినవాడి దగ్గర నకలు ఉందనే అర్థం. అతను తొందరపడడు. నెల పడుతుందో, ఏడాది పడుతుందో, పెట్టె నిండేవరకు ఎదురుచూసి ఒక రాత్రి ఖాళీ చేస్తాడు. ఇది 2018 నాటికే బయటపడిన మోసం, అయినా ఇప్పటికీ ఇంటి గుమ్మం దాకా వస్తోంది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఏమిటంటే, బావగారు కొన్న పరికరం నకిలీది కాదు. దానిలోని గణితంలోనూ దోషం లేదు. తాళం గట్టిది, తలుపు గట్టిది, గోడ గట్టిది. తాళంచెవి మాత్రం పుట్టేటప్పుడే ఇంకొకరి చేతిలో పుట్టింది. చెల్లింపుల సాఫ్ట్‌వేరులో తాళంచెవుల నిర్వహణను పరీక్షించే ఉద్యోగం పదిహేనేళ్లుగా చేస్తున్న నాకు, సమాచారానికి తాళం వేసే ఎన్‌క్రిప్షన్‌లో తమకొక దొడ్డిదారి కావాలని ప్రభుత్వాలు అడిగిన ప్రతిసారీ ఈ వెండిపూత కార్డు లాంటిదే కళ్లముందు మెదులుతుంది.

ఒక ప్రభుత్వం నిజంగానే అలాంటి కార్డును లోకానికంతటికీ పంచిపెట్టిన ఉదంతం ఉంది. 2006లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ యాదృచ్ఛిక సంఖ్యలను పుట్టించడానికి నాలుగు పద్ధతులను ప్రమాణంగా ప్రకటించింది. వాటిలో ఒకదాని పేరు డ్యూయల్ ఈసీ డీఆర్‌బీజీ. మిగిలిన మూడింటికంటే అది చాలా నిదానం, అయినా జాబితాలో చోటు దక్కింది. ఎలిప్టిక్ కర్వ్ అనే ఒక రకం గణిత వక్రం మీద పి, క్యూ అనే రెండు బిందువులను తీసుకుని అది పనిచేస్తుంది. ఆ రెండు బిందువుల విలువలూ ప్రమాణంలోనే అచ్చయి ఉన్నాయి గాని, వాటిని ఎలా ఎంచుకున్నారో వివరణ లేదు. 2007 ఆగస్టులో క్రిప్టో పేరుతో జరిగిన ఎన్‌క్రిప్షన్ పరిశోధకుల సమావేశంలో, అప్పట్లో మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తున్న డాన్ షుమోవ్, నీల్స్ ఫెర్గుసన్ ఒక చిన్న ప్రదర్శనలో విషయాన్ని బయటపెట్టారు. క్యూ బిందువును ఎన్నిరెట్లు చేస్తే పి వస్తుందో ఆ ఒక్క అంకె తెలిసినవారికి, ఆ యంత్రం బయటపెట్టిన సుమారు 32 బైట్లు చూస్తే చాలు, అది ఇకముందు పుట్టించబోయే సంఖ్యలన్నీ, అంటే వాటితో తయారయ్యే తాళంచెవులన్నీ, తెలిసిపోతాయి. బయటివారెవరికీ ఆ అంకెను కనిపెట్టడం సాధ్యం కాదు. బిందువులను ఎంచుకున్నవారు కావాలనుకుంటే మాత్రం, ముందు ఆ అంకెను అనుకుని దానికి తగ్గట్లు బిందువులను తయారుచేసి ఉండవచ్చు. నిస్ట్ దొడ్డిదారి పెట్టిందని తాము అనడం లేదని, పెట్టడానికి వీలుందని మాత్రమే చెబుతున్నామని వారిద్దరూ ఎంతో జాగ్రత్తగా మాట్లాడారు.

ఆరేళ్ల తర్వాత, 2013 సెప్టెంబరులో, అమెరికా నిఘా వ్యవస్థలో పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన రహస్య పత్రాల ఆధారంగా వచ్చిన కథనాలు ఆ అనుమానానికి బలం చేకూర్చాయి. అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్ఎస్ఏ ఎన్‌క్రిప్షన్ ప్రమాణాలను లోపలినుంచి బలహీనపరచే కార్యక్రమం నడిపిందని అవి వెల్లడించాయి. ఆ డిసెంబరులోనే రాయిటర్స్ మరో సంగతి రాసింది. ఆర్ఎస్ఏ అనే భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేరులో ఈ పద్ధతినే మొదటి ఎంపికగా ఉంచినందుకు ఎన్ఎస్ఏతో కోటి డాలర్ల ఒప్పందం కుదిరిందని దాని సారాంశం. తెలిసి తెలిసి బలహీనమైన పద్ధతిని పెట్టలేదని ఆ సంస్థ ఖండించింది. 2014 ఏప్రిల్‌లో నిస్ట్ ఆ పద్ధతిని ప్రమాణం నుంచి తీసేసింది.

కథ అక్కడితో ముగిసి ఉంటే, ఒక దేశం తన శత్రువుల మీద నిఘాకు పెట్టుకున్న ఏర్పాటు అని ఎవరైనా సరిపెట్టుకోగలరేమో. 2015 డిసెంబరులో జూనిపర్ అనే నెట్‌వర్క్ పరికరాల సంస్థ తన ఫైర్‌వాళ్ల, అంటే సంస్థల నెట్‌వర్కులకు కాపలా కాసే పరికరాల, కోడులో తాము రాయని భాగాలు దొరికాయని ప్రకటించింది. ఆ పరికరాలు వాడుతున్నది ఇదే డ్యూయల్ ఈసీ పద్ధతిని, కాకపోతే క్యూ బిందువు మాత్రం జూనిపర్ సొంతంగా పెట్టుకున్నది. 2012లో ఎవరో లోపలికి చొరబడి ఆ బిందువును తీసేసి తమ బిందువును పెట్టి వెళ్లారు. కోడులో ఇంకేమీ పెద్దగా మార్చవలసిన పని వారికి పడలేదు. మూడేళ్ల పాటు ఎన్నో సంస్థల రహస్య సంభాషణలు చదవగల మార్గం ఆ కొత్త యజమానుల చేతుల్లో ఉంది. ఒకరి కోసం కట్టిన దొడ్డి తలుపుకు ఇంకొకరు వచ్చి తాళం మార్చుకుని వాడుకున్నారన్నమాట. దొడ్డిదారి మంచివారి చేతుల్లోనే ఉంటుందనే హామీ ఎవరిచ్చినా నేను ఈ ఉదంతాన్నే గుర్తుచేస్తాను. గ్రీసులో 2004, 2005 సంవత్సరాల్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చట్టబద్ధమైన నిఘా కోసం ఉన్న సాఫ్ట్‌వేరునే వాడుకుని, ప్రధానమంత్రితో సహా వందమందికి పైగా ప్రముఖుల ఫోన్లను ఎవరో విన్నారు. అమెరికా టెలికాం సంస్థల్లోకి చైనాకు చెందిన హ్యాకర్లు చొరబడ్డారని 2024లో బయటపడినప్పుడు, కోర్టు అనుమతులతో జరిగే నిఘా వ్యవస్థలను కూడా చేజిక్కించుకున్నారని వార్తలు వచ్చాయి.

మనమూ బాధితులమే. స్విట్జర్లాండుకు చెందిన క్రిప్టో ఏజీ అనే సంస్థ దశాబ్దాల పాటు వందకు పైగా దేశాలకు రహస్య సమాచార యంత్రాలు అమ్మింది. ఆ సంస్థకు 1970 నుంచి రహస్య యజమానులు అమెరికా, జర్మనీల గూఢచారి సంస్థలేనని 2020 ఫిబ్రవరిలో బయటపడింది. కొనుగోలుదారుల జాబితాలో భారతదేశమూ ఉంది, పాకిస్తానూ ఉంది. మన దౌత్యవేత్తలు భద్రమనుకుని పంపిన సందేశాలకు తాళంచెవి అమ్మినవాడి దగ్గరే ఉంది. ఇంత అనుభవం ఉన్న దేశం తన పౌరుల తాళాలకు నకలు అడగడం నాకు బాధ కలిగిస్తుంది.

ఆ అడగడంలో మా చెన్నైకి కూడా వంతు ఉంది. సోషల్ మీడియా ఖాతాలను ఆధార్‌తో ముడిపెట్టాలని 2018లో మద్రాసు హైకోర్టులో వ్యాజ్యాలు దాఖలయ్యాయి. విచారణ సాగే కొద్దీ ప్రశ్న మారి, వాట్సాప్‌లో ఒక సందేశం మొదట ఎవరు పంపారో కనిపెట్టవచ్చా అనే దగ్గరికి వచ్చింది. కనిపెట్టవచ్చని 2019లో ఐఐటీ మద్రాసు ఆచార్యులు, ఇప్పటి డైరెక్టరు వి. కామకోటి కోర్టుకు సూచన సమర్పించారు. మొదట పంపినవారి వివరాన్ని సందేశానికి జతచేసి పంపవచ్చని, కావాలంటే ఆ వివరాన్ని కూడా ఎన్‌క్రిప్ట్ చేసి, కోర్టు అడిగినప్పుడు విప్పి ఇచ్చే ఏర్పాటు చేయవచ్చని దాని సారాంశం. ఐఐటీ బొంబాయి ఆచార్యులు మనోజ్ ప్రభాకరన్ దీనిని వ్యతిరేకిస్తూ నివేదిక ఇచ్చారు. దుర్మార్గులు దీన్ని సులభంగా తప్పించుకుంటారని, మామూలు మనుషుల గోప్యత మాత్రం తగ్గిపోతుందని ఆయన వాదన. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 ఐటీ నిబంధనల్లో మొదట పంపినవారిని గుర్తించే షరతు చట్టరూపం దాల్చింది. దాన్ని సవాలు చేస్తూ వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి, ఎన్‌క్రిప్షన్‌ను ఛేదించమంటే తాము వెళ్లిపోతామని 2024 ఏప్రిల్‌లో ఆ కోర్టులోనే చెప్పింది.

ఆ షరతు వెనుక ఉన్న ఆవేదనను నేను తేలికగా తీసుకోను. 2018 మేలో ఈ చెన్నై నుంచే బంధువులతో కలిసి తిరువణ్ణామలై జిల్లాలోని ఒక గుడికి బయలుదేరిన అరవై దాటిన ఒక స్త్రీ, దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపానికి, పిల్లలను ఎత్తుకుపోయేవారన్న వాట్సాప్ పుకార్లు నమ్మిన గుంపు చేతిలో ప్రాణాలు కోల్పోయారు. ఆ వార్త చదివిన రోజు మా అమ్మ మౌనంగా లోపలికి వెళ్లిపోవడం నాకు ఇంకా గుర్తుంది. పుకారు పుట్టించినవాడు దొరకాలని ఎవరికి ఉండదు? అయితే అందుకు ప్రతి సందేశానికీ ఆనవాలు కట్టడమంటే, తన ఊరి అన్యాయం గురించి రాసిన గుమాస్తా పేరూ, వైద్యుడికి తన రోగం చెప్పుకున్న మనిషి పేరూ అదే గొలుసులో చేరతాయి. పుకారుకోరుకు విదేశీ సిమ్ము ఒకటి చాలు, ఆ గొలుసు తెగిపోతుంది.

ప్రభుత్వానికి తాళం పగలగొట్టే అధికారం ఉండకూడదని నేను అనడం లేదు. అమ్మ లాకరును కూడా దర్యాప్తు సంస్థ తగిన ఉత్తర్వుతో వచ్చి తెరిపించగలదు. 2022 జనవరి నుంచి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం, అప్పుడు ఖాతాదారుకు కబురు చేయాలి, సాక్షుల సమక్షంలో వస్తువుల జాబితా రాయాలి, వీలైనచోట వీడియో తీయాలి. అంతా చప్పుడుతో జరుగుతుంది. ఒక్క పెట్టె తెరిచినందువల్ల పక్కనున్న వందల పెట్టెల తాళాలు వదులవ్వవు. దొడ్డిదారి అందుకు పూర్తిగా వ్యతిరేకం. దానికి చప్పుడుండదు, సాక్షి ఉండడు, ఒక్కసారి దొరికితే అన్ని పెట్టెలూ ఒకే చెవితో తెరుచుకుంటాయి.

క్రిప్టో కరెన్సీ అభిమానులు ఈ మాటలన్నీ విని, అందుకే మా నాణేలు మేలు, అక్కడ ప్రభుత్వానికి చోటు లేదు, ఉన్నది గణితమే అంటారు. బావగారూ మొదట అలాగే అన్నారు. ఇందులో నిజం ఉంది. ఏ సమాచారాన్నైనా వేలిముద్ర లాంటి చిన్న సంఖ్యగా మార్చే, బిట్‌కాయిన్ వాడే షా-256 పద్ధతిని రూపొందించింది ఎన్ఎస్ఏనే, 2001 నాటిది. అందులో దొడ్డిదారి ఉందా అని చాలామంది అడుగుతారు. కాని దానిలోని స్థిరాంకాలు ఎక్కడివో ఎవరైనా లెక్కకట్టి చూసుకోవచ్చు. మొదటి 64 ప్రధాన సంఖ్యల ఘనమూలాల్లో దశాంశ బిందువు తర్వాతి భాగాలే అవి. బిట్‌కాయిన్ లావాదేవీల మీద డిజిటల్ సంతకాలకు వాడే వక్రం సమీకరణమూ పసిపిల్లవాడు చదవగలిగినంత సరళం, వై స్క్వేర్ అంటే ఎక్స్ క్యూబ్ ప్లస్ 7. ఎవరో చెప్పకుండా ఎంచుకున్న క్యూ బిందువుకూ, ఎవరైనా కాగితం మీద తేల్చుకోగల ఘనమూలానికీ ఉన్న తేడాలోనే నమ్మకం అంతా ఉందని నా అభిప్రాయం.

అయినా నాణేలు పోతూనే ఉన్నాయి, పోయిన ప్రతిచోటా గణితం చెక్కుచెదరలేదు. 2013 ఆగస్టులో ఆండ్రాయిడ్ ఫోన్లలో యాదృచ్ఛిక సంఖ్యలను ఇచ్చే భాగంలో లోపం వల్ల కొన్ని బిట్‌కాయిన్ వాలెట్లు దొంగల పాలయ్యాయి. 2023లో బయటపడిన మిల్క్ శాడ్ ఉదంతం ఇంకా బాధాకరం. వాలెట్లకు తాళంచెవులు తయారుచేసే లిబ్‌బిట్‌కాయిన్ ఎక్స్‌ప్లోరర్ అనే సాధనం, 256 బిట్ల సంఖ్యను పుట్టిస్తున్నట్లు కనిపిస్తూనే, నిజానికి కంప్యూటరు గడియారం నుంచి తీసుకున్న 32 బిట్ల విత్తనంతో, అంటే ఒక చిన్న ఆరంభ సంఖ్యతో, మొత్తం నడిపింది. తాళంచెవి కోసం వెతకవలసిన అవకాశాలు 78 అంకెల సంఖ్య అంత ఉండవలసిన చోట సుమారు 430 కోట్లే అయ్యాయి. మనిషికి అది పెద్ద సంఖ్య, ఇంట్లో ఆటలకు వాడే మంచి కంప్యూటరుకు కొన్ని రోజుల పని. ఆ కోడు అందరూ చదవడానికి తెరిచి ఉన్నదే. చదవవచ్చు అన్న ధీమాతో ఎవరూ చదవకపోవడం అక్కడ జరిగింది.

2025 అక్టోబరులో అమెరికా న్యాయశాఖ ఒక మోసాల కేసులో 1,27,271 బిట్‌కాయిన్లను జప్తు చేయడానికి దావా వేసింది. అప్పటి ధరలో అవి సుమారు 1500 కోట్ల డాలర్లు. ఆ నాణేలు ఒకప్పుడు ఉన్న చిరునామాలు ఇలాంటి బలహీన సంఖ్యలతోనే పుట్టినవని మిల్క్ శాడ్ పరిశోధకులు గుర్తించారు. తాళంచెవులు తన చేతికి ఎలా వచ్చాయో అమెరికా ప్రభుత్వం చెప్పలేదు. 2022 ఫిబ్రవరిలో మాత్రం చెప్పింది. బిట్‌ఫైనెక్స్ ఎక్స్ఛేంజీ నుంచి 2016లో దొంగిలించిన నాణేల్లో 94,000కు పైగా అప్పుడు పట్టుబడ్డాయి. నిందితుడు క్లౌడులో దాచుకున్న ఒక ఫైలును సోదా వారెంటుతో తీసుకుని విప్పగా అందులో తాళంచెవులు దొరికాయి. ఏ ప్రమాణాన్నీ చెడగొట్టకుండా, ఎవరి తాళానికీ నకలు చేయకుండా దర్యాప్తు చేయవచ్చనడానికి నేను దీన్నే చూపిస్తాను.

మన దేశంలో 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజీ నుంచి సుమారు 2,000 కోట్ల రూపాయల విలువైన నాణేలు పోయాయి. పలువురు సంతకాలు పెడితే గాని తెరుచుకోని వాలెట్ అది. తెర మీద కనిపించిన లావాదేవీ ఒకటి, సంతకం పడిన లావాదేవీ మరొకటి అని సంస్థ ప్రకటించింది. 2025 ఫిబ్రవరిలో బైబిట్ అనే మరో ఎక్స్ఛేంజీలో 150 కోట్ల డాలర్లు పోయిందీ ఈ దారిలోనే. వజీర్‌ఎక్స్‌లో చిక్కుకుపోయిన ఒక ఖాతాదారు వేసిన కేసులో, క్రిప్టో కరెన్సీ ఆస్తి కిందికి వస్తుందని, దాన్ని మరొకరి తరఫున నమ్మకంగా ఉంచదగినదని 2025 అక్టోబరులో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పింది. ఆస్తి అని కోర్టు ఒప్పుకున్నాక, ఆ ఆస్తిని కాపాడే ఎన్‌క్రిప్షన్‌కు నకలు చెవి అడగడం ఎంతవరకు సబబో కూడా ఏదో ఒక రోజు అదే కోర్టు ముందు ప్రశ్న అవుతుందని నా ఆశ.

ఆ రాత్రి భోజనాలయ్యాక బావగారి పరికరాన్ని పూర్తిగా చెరిపేసి, తయారీదారు వెబ్‌సైటు నుంచి అసలు సాఫ్ట్‌వేరును మళ్లీ ఎక్కించి, అది నిజమైనదేనని సరిచూశాం. అప్పుడు పరికరం తన బుల్లి తెర మీద కొత్త మాటలు ఒక్కొక్కటిగా చూపింది. బావగారు పూజగదిలో దీపం పక్కన కూర్చుని వాటిని నోటుబుక్కు కాగితం మీద పెన్సిలుతో రాసుకున్నారు. పదకొండో మాట దగ్గర అక్షరం తప్పు పడితే చెరిపి మళ్లీ రాశారు. ఫోనుతో ఫొటో తీసుకుంటానంటే అక్కే వద్దని చెప్పింది. వెండిపూత కార్డును నేను నా దగ్గరే ఉంచుకున్నాను, మా టీములో కొత్తగా చేరినవారికి చూపించడానికి.

వ్రతం అయిన వారానికి అమ్మ నగలు తిరిగి పెట్టడానికి వెళ్లినప్పుడు ఆ కాగితం మడిచిన కవరు కూడా వెంట వచ్చింది. లాకరు గది బయట బావగారు నన్ను అడిగారు, “రేపు కోర్టు ఉత్తర్వు తెచ్చి దీన్ని తీయించవచ్చు కదా?” తీయించవచ్చు, అప్పుడు మనకు తెలుస్తుంది అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి సరే అన్నారు. అధికారి తన చెవి తిప్పి బయటికి వచ్చారు. అమ్మ లోపలికి వెళ్లి, కవరును కాసులపేరు పెట్టె కింద పెట్టి, పసుపుదారం చెవిని రెండుసార్లు లాగి చూసుకుని వచ్చింది.